ఎడమచెయ్యి, పాలసీసా

నాకు రోజుకి అరలీటరు నీళ్లే. అది కూడా టీ, మజ్జిగ, చారు, మాత్రలేసుకునే గుటక అన్నీ కలిపి. ఇంటింటా కిడ్నీజబ్బున్న మా ఉద్దానంలో ఈ లెక్క తెలియని ఊరు లేదు కాబట్టి ఎవరూ విడ్డూరంగా చూడరు. వారానికి మూడు సాయంత్రాలు పలాస వెళ్లి, నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకుని రక్తం శుభ్రం చేయించుకొస్తాను. మిగతా రోజులు దాహంతో పోట్లాడతాను. సొంత తోటలో కొబ్బరిచెట్లున్నాయి గానీ బొండం ముట్టుకోకూడదు, అందులో ఉన్నది గుండెకి పడదని డయాలసిస్ సెంటర్లో సిస్టరు మొదటి రోజే చెప్పింది. జీడిపప్పూ వద్దంది. ఉద్దానంలో పుట్టి కొబ్బరీ జీడీ వద్దంటే ఇంకేటి తిని బతకాలి తల్లీ అని ఆ రోజు గట్టిగా నవ్వేను. అప్పటికి నవ్వే ఓపికుండేది.

అలాంటి నా ఎదురుగా, మూడు నెలలు దాటిన నా కూతురు, నిండా పాలున్న సీసాని చూసి మొహం పక్కకి తిప్పుకుంది. నాకు ఎంత కోపం వచ్చిందో చెప్పలేను. తాగాలని ప్రాణం పోతున్నవాడికి తాగే వీల్లేదు, తాగమని బతిమాలుతుంటే దీనికేమో అక్కర్లేదు.

సీసా అలవాటు చెయ్యకపోతే గడవదు. మా ఆవిడ టెక్కలి దగ్గర ఒక ప్రైవేటు స్కూల్లో లెక్కల టీచరు. కాన్పుకి మూడు నెలలే సెలవిచ్చేరు. నేను తోట చేసుకునే ఓపిక పోయి కౌలుకిచ్చేసేక, ఇల్లు నడిచేది తన జీతం మీదే. పొద్దున్న ఏడున్నర బస్సుకి వెళ్తే మళ్లీ ఇంట్లో అడుగుపెట్టేది నాలుగున్నరకి. ఆ తొమ్మిది గంటలూ పాపకి పాలు పట్టాల్సింది ఇంట్లో ఉండే మేమిద్దరం, నేనూ మా అమ్మా. తను ఇంటికి చేరే వేళకి నేను పలాస బయల్దేరేలా సిస్టరుని బతిమాలి సాయంత్రం షిఫ్టు వేయించుకున్నాను.

కాశీబుగ్గ వెళ్లి ఒక సీసా, మూడు రకాల పీకలు కొనుక్కొచ్చేను. మా ఆవిడ పంపుతో పాలు తీసి ఫ్రిజ్‌లో పెట్టేది. సీసా మరిగించడానికి మా అమ్మ బోరునీళ్లు ముట్టుకోనివ్వలేదు. కొన్న డబ్బానీళ్లే పొయ్యిమీద పెట్టేది. ఈ జబ్బు నీళ్లవల్లేనని డాక్టర్లెవరూ గట్టిగా తేల్చలేదని చెప్తే నా మీద ఇంతెత్తున లేచింది.

"ఆలు తేల్సేదాకా నా మనవరాలి నోట్లో ఆ నీల్లు పొయ్యాలేటి? మీ నాన్ననీ మింగేసినాయి, నిన్నూ పీక్కు తింటన్నాయి. సాల్లేదా?"

మా నాన్న పోయి పన్నెండేళ్లు. అప్పుడు పలాసలో ఈ మిషన్లు లేవు.

మొదట మా ఆవిడే పట్టి చూసింది. తల్లి ఒళ్లో ఉండగా రబ్బరుపీక ఎవరిక్కావాలి, పాప జాకెట్టు వైపే దొర్లింది. తర్వాత నేను పట్టేను. నాలికతో తోసేసింది. అప్పుడు అమ్మ వచ్చి, "మగోడు పాలు పట్టడవేట్రా, ఇడ్డూరం కాకపోతే, ఇలా తే" అని లాక్కుంది. పాప అమ్మ చేతుల్లోనూ విల్లులా వెనక్కి విరుచుకుని ఏడ్చింది. అమ్మ అటకమీంచి వెండి ఉగ్గుగిన్నె దించింది, నేను తాగినదే. దాంతో పోస్తే సగం మెడ మడతల్లోకి కారింది, మిగతా సగం పొలమారింది. పీక మార్చేం. పాలు కాస్త వెచ్చన చేసేం, కాస్త చల్లన చేసేం. మా ఆవిడ నైటీ భుజాన కప్పుకుని పట్టేను. ఉప్పూ మిరపకాయలూ దిగదుడిచి పొయ్యిలో వేసింది అమ్మ. దగ్గు వచ్చింది గానీ పాప తాగలేదు.

"ఆకలేత్తే అదే తాగుద్ది. ఓ పూట ఉంచండి సూద్దాం. నాను పిల్లల్ని పెంచలేదేటి?" అంది అమ్మ చివరికి.

మా ఆవిడ స్కూల్లో చేరిన మొదటి రోజు అదే చేసేం. ఆ రోజు తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే అసహ్యం వేస్తుంది. పాప ఎనిమిదింటికి మొదలెట్టిన ఏడుపు పదకొండుకి కూడా ఆపలేదు. తర్వాత గొంతు పోయింది. నోరు తెరుస్తోంది, మొహం ఎర్రబడుతోంది, శబ్దం మాత్రం రావట్లేదు. అమ్మ కూడా భయపడిపోయింది. "ఓలమ్మో, గుంట గొంతు పోనాదిరా! కోడలికి ఫోన్ సెయ్యి, బేగి సెయ్యి!" అంటూ వీధిలోకీ ఇంట్లోకీ తిరిగింది.

ఒంటిగంటకి మా ఆవిడ ఆటోలో వచ్చింది. చీర కొంగు గుండెలమీద నిండుగా కప్పుకుని ఉంది, లోపల జాకెట్టు పాలతో తడిసిపోయి ఉంది. చెప్పులు కూడా విప్పకుండా గోడకి ఆనుకుని కూచుంది. పాప వెక్కుతూ తాగింది. తాగుతూ మధ్యలో ఆగి, మళ్లీ వెక్కి, మళ్లీ తాగింది. మా ఆవిడ నా వైపు చూడకుండానే అంది.

"బావా, నేను మానేస్తాను."

నా మేనత్త కూతురు తను. చిన్నప్పుడు లెక్కల్లో నన్ను ఏడిపించేది. డిగ్రీ, బీఈడీ పట్టుబట్టి చదువుకుంది. మానేస్తాననడానికి ఎంత లోపల కోసుకుందో నాకు తెలుసు. తను మానేస్తే నా మందులకి మాత్రమే కాదు, పాప రేపటికి కూడా ఏమీ ఉండదు. నేను ఎన్నాళ్లుంటానో ఎవరూ చెప్పలేరు. నేను లేని రోజున తన చేతిలో ఉద్యోగమన్నది ఒకటుండాలి. ఆ మాట తనతో అనలేదు. "ఒక్క వారం చూద్దాం" అన్నాను అంతే. స్కూలు వాళ్లు కూడా మధ్యాహ్నం వచ్చి వెళ్లడానికి ఆ వారమే ఒప్పుకున్నారు.

ఇక్కడ నా చెయ్యి సంగతి చెప్పాలి. డయాలసిస్ మొదలెట్టే ముందు ఎడమ ముంజేతిలో రెండు రక్తనాళాలు కలిపి కుడతారు. కొన్నాళ్లకి ఆ నరం లావెక్కుతుంది, సూదులు దాంట్లోకే గుచ్చుతారు. పైన వేలు పెడితే లోపల జుయ్యిమని ఆగకుండా మోగుతూ ఉంటుంది, సైలెంట్లో పెట్టిన ఫోను జేబులో మోగినట్టు. అది మోగినన్నాళ్లే నాకు డయాలసిస్. "ఈ చెయ్యి మీది కాదనుకోండి సార్, మాది. బరువులెత్తొద్దు, దానిమీద పడుకోవద్దు. రోజూ పొద్దున్నే వేలు పెట్టి చూసుకోండి. మోగకపోతే ఆ నిమిషమే ఫోన్ చెయ్యండి" అని సిస్టరు ఎన్నిసార్లు చెప్పిందో.

మా ఊళ్లల్లో మే నెల ఎండలో కూడా నిండుచేతుల చొక్కా వేసుకున్నవాడు కనబడితే ఎందుకని ఎవరూ అడగరు. నేనూ అంతే. మోచేతి కింద ఉబ్బిన రెండు బొడిపెల్ని ఇంట్లో కూడా చూపించేవాణ్ణి కాదు. కూతురి దగ్గర మరీను. ఆ జబ్బు చెయ్యి పాపకి తగలకూడదని మా అమ్మకి పట్టింపు, నాకు సిగ్గు. అందుకని గుండీ బిగించి, పైన తువ్వాలు కప్పి, పాపని కుడిచేతిమీద వేసుకుని, ఎడమచేత్తో బితుకుబితుకుమంటూ సీసా పట్టేవాణ్ణి. దొంగసరుకు దాస్తున్నట్టుండేది నా వాలకం.

ఆ వారంలో నాలుగో రోజు పొద్దున్న కరెంటు పోయింది. మూలపేట పోర్టుకి రాళ్లు మోసే లారీలు రోడ్డుమీద దుమ్ము లేపుతున్నాయని కిటికీలు మూసేసేం. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది. విసుగొచ్చి విప్పి అవతల పారేసేను. ముందురోజు సూదులకి చెయ్యి సలుపుతోంది. చాపమీద కూచుని, తలగడ వేసి చేతిని దానిమీద ఆనించేను. పక్కనే పాపని పడుకోబెట్టేను. అది ఏడుస్తూ తల అటూ ఇటూ కొట్టుకుంటోంది. ఒకసారి ఇటు దొర్లి, దాని చెంప వచ్చి సరిగ్గా ఆ నరం పక్కన ఆనింది.

ఏడుపు ఠక్కున ఆగింది.

నేను బెదిరిపోయేను, చెయ్యి లాగబోయేను. ఈలోగా పాప మొహం చూసేను. కళ్లు ఇంతింత చేసుకుని ఎక్కడా చూడకుండా వింటోంది. నేను ఊపిరి బిగబట్టి కుడిచేత్తో సీసా అందుకుని పీక మెల్లిగా పెదాల మధ్య పెట్టేను. కాసేపు ఊరికే పట్టుకుంది. ఒక గుక్క, ఇంకో గుక్క, ఆగింది. మళ్లీ తాగింది. సీసాలో బుడగలు లేచేయి. గుమ్మంలో అమ్మ చేట పట్టుకుని నిలబడి ఉంది. ఎప్పుడూ ఏదో ఒకటి అనే మనిషి, ఆ పూట "కదలకు" అంది, అంతే.

అరవై మిల్లీలీటర్లు తాగింది. నాకు ఏడుపొచ్చేసింది. సిగ్గుపడి ఇన్నాళ్లూ దాచుకున్న చెయ్యే దానికి కావాల్సొచ్చింది.

మర్నాడు సాయంత్రం పలాసలో సిస్టరుకి చెప్తే ముందు తిట్టింది. తర్వాత కాసేపాలోచించి, తల తలగడ మీదే ఉండాలి, చెయ్యిమీద బరువు పడకూడదు, సూదులు గుచ్చిన చోట పూర్తిగా ఆరాలి, ఉత్తినే చెంప తగిలితే తగలనివ్వండి అంది. మా ఆవిడకైతే పాప తాగిన రోజే, తాగిన వెంటనే ఫోన్ చేసి చెప్పేను. "ఎంత తాగింది? సరిగ్గా చెప్పు బావా" అంది. లెక్కల టీచరు కదా.

అలా రెండు నెలలు గడిచేయి. నా నీళ్లసీసా మీద మార్కరు పెన్నుతో గీతలు గీసుకుంటాను, పాప సీసా మీద అచ్చేసిన గీతలుంటాయి. రెండూ పక్కపక్కన పెట్టుకునేవాణ్ణి. అది దాని గీతలు గబగబా దించేసేది. నేను నావి ఒక్కో గుక్కగా దించేవాణ్ణి. పాలు దిగుతున్న దాని గొంతు చూస్తుంటే నా దాహం కూడా కొంత తీరినట్టుండేది. నిజం చెప్తున్నాను, ఈ జబ్బు వచ్చేక నాకంత సుఖంగా గడిచిన రోజులు లేవు. నేనూ ఒకరికి పనికొస్తున్నాను కదా.

ఆ సుఖంలోనే తప్పు చేసేను. పొద్దున్నే వేలు పెట్టి చూసుకోవడం మానేసేను. పాప చెంప ఆనించి తాగుతోందంటే మోగుతున్నట్టే కదా, ఇంక చూసేదేముంది అనుకున్నాను.

పాపకి ఆరో నెల. ముందురోజు సాయంత్రం మిషను మీదే నా బీపీ పడిపోయింది. ఇంటికొచ్చి మగతలో ఎటు తిరిగి పడుకున్నానో తెలీదు, లేచేసరికి ఎడమచెయ్యి ఒంటి కింద ఉంది. మామూలుగానే ఏడున్నరకి పాపని పక్కన వేసుకున్నాను. చెంప ఆనించింది. కాసేపుండి తలెత్తి నన్ను చూసింది. మళ్లీ ఆనించింది. మళ్లీ చూసింది. తర్వాత సీసాని చేత్తో కొట్టేసి గుక్కపెట్టింది.

"మళ్లీ మొదలెట్టేవేటే తల్లీ!" అని అరిచేను దానిమీద. పీక మార్చేను, పాలు వెచ్చన చేసేను. పళ్లొస్తున్నాయేమో అని అమ్మ చిగుళ్లు తడిమింది. మళ్లీ ప్రయత్నిస్తే మళ్లీ అదే. సీసా చేతిలోంచి జారి పాలు నా చేతిమీద ఒలికేయి. విసుక్కుంటూ కుడి అరచేత్తో తుడుచుకున్నాను.

కరెంటు లేని ఫ్యాను మీద చెయ్యేసినట్టుంది. ఇంకోసారి తడిమేను. వేళ్లు నొక్కి పెట్టేను. ఏమీ లేదు.

సిస్టరుకి ఫోన్ చేస్తే, "సాయంత్రం దాకా ఆగకండి, ఇప్పుడే వైజాగ్ బయల్దేరండి" అంది. మా ఆవిడ స్కూలునించి పరిగెత్తుకొచ్చి పాపని అందుకుంది. అమ్మ, నేను కారు మాట్లాడుకుని వెళ్లేం. దారిపొడుగునా అమ్మ నా చెయ్యి తన ఒళ్లో పెట్టుకుని కూచుంది. ఆ చెయ్యి అమ్మ ముట్టుకోవడం అదే మొదటిసారి.

వైజాగ్‌లో డాక్టరు, "ఎప్పుడాగింది?" అన్నాడు.

"పొద్దున్న ఏడున్నరకే ఆగిపోయుంది. తొమ్మిదికి తెలిసింది."

"ఏడున్నరకని ఎలా చెప్తున్నారు?"

"మా పాప పాలు తాగలేదండి."

వీడికి ఒంట్లో విషం తలకెక్కిందనుకున్నాడో ఏమో, నర్సు వైపు చూసేడు. అప్పుడు జరిగింది చెప్పేను. రాసుకుంటున్న పెన్ను ఆపి విన్నాడు. చాలామంది రెండ్రోజులకి గానీ చూసుకోరని, అప్పటికి చెయ్యగలిగింది పెద్దగా ఉండదని అన్నాడు. నరంలో గడ్డకట్టిన రక్తం తీసేసేరు. చెయ్యి మళ్లీ మోగింది. బయట వరండాలో అమ్మ, మనవరాలి పేరు చెప్పి దణ్ణాలు పెట్టుకుంటోంది.

నాకు మాత్రం ఆ మంచం మీద పడుకుని ఉండగా వేరే భయం పట్టుకుంది. వైజాగ్‌లో ఉన్న మూడు రోజులూ మా ఆవిడ స్కూలు మానేసి ఇంట్లో ఉండాల్సొచ్చింది. తను పట్టి చూసినా పాప సీసా ముట్టలేదు. సీసా అలవాటు చేసేనని మురిసిపోయేను గానీ, అలవాటు చేసింది సీసా కాదు, నన్ను. నేను లేకపోతే మొదటి రోజులాగే అది గొంతుపోయేదాకా ఏడుస్తుంది, వాళ్లమ్మ ఉద్యోగం మానేస్తుంది. అన్నీ మళ్లీ అక్కడికే వస్తాయి.

తిరుగు రైల్లో అమ్మకి చెప్పేను. "పాపకి నువ్వు పట్టడం నేర్చుకోవాలమ్మా."

"నీ సెయ్యి బాగయింది కదా. నువ్వే పట్టు."

"ఈ చెయ్యి ఎప్పుడో ఒకరోజు ఆగుద్ది. నేనూ అంతే. ఆ రోజు అది పస్తుండకూడదు."

"నోరు ముయ్! కన్నతల్లి దగ్గర అనే మాటలేనేట్రా అయ్యి? నాను నేర్సుకోను. నాను నేర్సుకుంటే నువ్వు ఎల్లిపోవొచ్చనేటి?"

పక్కసీటు వాళ్లు తిరిగి చూసేరు. అమ్మ ఒళ్లో ఉన్న నా ఎడమచెయ్యి వదలకుండానే, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, నౌపడా దాటేదాకా కిటికీలోంచి బయటికే చూసింది.

ఇంటికొచ్చేక నేనే మొండిపట్టు పట్టేను. పాపని అమ్మ ఒళ్లో పెట్టి, నా చెయ్యి పక్కన ఆనించేవాణ్ణి. రెండ్రోజులకోసారి జానెడు దూరం జరిగేవాణ్ణి. పాప మెడ సాగదీసి నా చేతిని వెతుక్కునేది. దొరక్కపోతే ఏడుపు. నేను లేచి వరండాలోకి పోయేవాణ్ణి, అక్కడ చెవులు మూసుకుని నిలబడేవాణ్ణి. "నా వల్ల కాదు, ఇదిగో నీ గుంట" అని అమ్మ తెచ్చి నా ఒళ్లో పడేసేది. రెండు వారాలు అదే వరస. అమ్మ కావాలనే నేర్చుకోవట్లేదని ఒకసారి గట్టిగా అనేసేను కూడా. అమ్మ కాదనలేదు.

ఆ తర్వాత ఒక డయాలసిస్ రోజు. సాయంత్రం నాలుగు దాటింది. వరండాలో సంచీ సర్దుకుంటున్నాను, దుప్పటి, ఫైలు, రొట్టె. లోపల పాప ఏడుపు మొదలైంది. వెళ్లకూడదని పళ్లు బిగబట్టేను. ఏడుపు ఉన్నట్టుండి ఆగింది. దాని వెనక ఏదో సన్నగా వినబడింది, ఏ మిషనో తిరుగుతున్నట్టు.

గుమ్మం దాకా వెళ్లేను. అమ్మ గోడకి ఆనుకుని కూచుని ఉంది. పాప తలని తన గడ్డం కింద, గొంతుకి ఆనించి పెట్టుకుంది. నోరు విప్పకుండా గొంతులోంచి ఊఁ అంటోంది. పాట కాదు, జోల కాదు. మా అమ్మ జన్మలో పాడగా నేను వినలేదు. ఎత్తూ పల్లం లేకుండా ఒకటే ఊఁ. కారులో వైజాగ్ పోతూ, రైల్లో తిరిగొస్తూ నా చెయ్యి ఒళ్లో పెట్టుకున్న మనిషి, పోయేప్పుడు లేనిదేటో వచ్చేప్పుడు ఉన్నదేటో పట్టుకుంది, ఆ మోతనే గొంతులోకి తెచ్చుకుంది.

పాప తాగుతోంది.

దాని కళ్లు నా మీద పడ్డాయి. నన్ను చూసింది. చూసి, నా వైపు తిరగలేదు, పీక వదల్లేదు. అమ్మకి ఊపిరాడక ఒక్క క్షణం ఆపి, మళ్లీ అందుకుంది. ఆ మధ్యలో కూడా పాప ఆపలేదు. నేను కోరుకున్నది సరిగ్గా అదే. సంతోషం కాదని అనను. సంతోషమే. దానితోపాటు, నా చేతిలో ఉన్న ఒక్క పనీ పోయింది.

సీసా ఖాళీ అయింది. అమ్మ నా మొహం చూడకుండా దాన్ని పక్కన పెట్టింది.

"తాగింది. సాలా? నీ కోరిక తీరిందా?" అంది. గొంతు కోపంగానే ఉంది, కళ్లు మాత్రం నిండిపోయేయి.

"తీరిందమ్మా."

"అయితే ఎల్లు. బస్సెల్లిపోద్ది."

సంచీ భుజాన వేసుకుని మెట్లు దిగేను. గేటు దాకా వచ్చేసరికి వెనక మళ్లీ ఆ ఊఁ వినబడింది. పాలు అయిపోయేయి, పాప పడుకుండిపోయింది కూడా. అమ్మ ఆపలేదు.